చల్లగా ఉన్నప్పటి బొమ్మ

అక్క పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. తిరువళ్లూరు దగ్గర నేను ఒకప్పుడు పనిచేసిన ప్యానెల్ షాపు వాళ్ల గ్రూపు అది. పండగ శుభాకాంక్షలు తప్ప అందులో ఏళ్ల తరబడి ఇంకేమీ రాలేదు. మొన్న పొద్దున చూస్తే అక్క ఫోటో, దాని పక్కన దీపం, కింద తమిళంలో రెండు వాక్యాలు. ఇంత నేర్పున్న వైరింగ్ మనిషిని మన షాపు మళ్లీ చూడదట. ఆమె ఆత్మకు శాంతి కలగాలట. చివర జోడించిన చేతులు రెండు.

పెట్టిందెవరో చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను షాపులోంచి గెంటించిన ఇంజినీరే! ఆమె చేయని తప్పుకు ఆమెను నలుగురిలో నిలబెట్టి, తిరువళ్లూరు చుట్టుపక్కల ఇంకే షాపూ ఆమెను గడప తొక్కనివ్వకుండా చేసిన పెద్దమనిషి, ఇప్పుడు చేతులు జోడిస్తున్నాడు. దాని కింద పద్దెనిమిది మంది తమ వంతు చేతులు జోడించారు. అదంతా తెలిసినవాళ్లే. ఒక్కరికీ సిగ్గనిపించలేదు.

కోపం వాళ్ల మీదనే అయితే ఇది రాయకపోదును. అదే గ్రూపులో వేలితో పైకి తోసుకుంటూ పోతే, ఎనిమిదేళ్ల కిందటి ఫోటో ఒకటి ఉంది. ఒక చీటీ ఫోటో. దాని దగ్గరికి వస్తాను. ముందు అక్క ఎలాంటి మనిషో చెప్పాలి, ఎందుకంటే ఆ పెద్దమనిషి రాసిన రెండు వాక్యాల్లో ఆమె లేదు.

ఆమె పేరు రాయను. షాపులో అందరికీ అక్కే. నల్లగా, సన్నగా ఉండేది. పెంతెకొస్తు సభకు పోయే మనిషి, పూలు పెట్టుకోదు. కొప్పులో పూలకు బదులు టెస్టర్ ఉండేది. కరెంటు ఉందో లేదో చూసే ఆ చిన్న స్క్రూడ్రైవర్‌ను ఎప్పుడూ అక్కడే గుచ్చుకుని ఉండేది. ఎవరైనా నవ్వితే, "ఖాళీగా ఉండే చోటే కదా, అద్దెకిచ్చినా" అనేది. మేమిద్దరం రోజూ షాపుకు పోయివచ్చే రైల్లో కూడా తీసేది కాదు. ఒకసారి అరక్కోణంలో పోలీసు ఆపి అదేందని అడిగితే, తీసి ఆయన చేతిలో పెట్టి, అది ఎలా వెలుగుతుందో రైలు కదిలేదాకా చెప్పింది.

ప్యానెల్ అంటే ఫ్యాక్టరీల్లో గోడవారన నిలబడి ఉండే ఇనప బీరువా. లోపల స్విచ్చులు, రిలేలు, వందల వైర్లు. ఆ వైర్లు బిగించేది మేము, ఎక్కువగా ఆడవాళ్లమే. అక్క ఏ ప్యానెల్ తలుపు తెరిచే ముందైనా అరచేయి తిప్పి, చేతి వెనకవైపు తలుపుకు ఆనించేది. పిల్లకు జ్వరమొచ్చిందేమోనని చూసే తల్లిలాగా ఒక్క క్షణం అలా ఉంచి, అప్పుడు తెరిచేది. కరెంటు లేని కొత్త ప్యానెల్‌కు కూడా అంతే. "దానికి కరెంటే ఇవ్వలేదు కదక్కా" అంటే, "చేతికి అలవాటు కావాల పాపా, చేతికి తెలుస్తాదా ఏది కొత్తదో ఏది పాతదో" అనేది.

నేను చేరిన రోజు ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "యాడ నుంచి వస్తావు?" తిరుత్తణి అన్నాను. ఆమెది అత్తిమంజేరిపేట, తిరుత్తణిలో కాపురం. నేను తమిళంలో చెబుతుంటే, నా మాట తీరు పట్టేసి, "తెలుగోళ్లా?" అంది. అవునన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి అట్టలు నలిగిన ఒక నోటుబుక్కు తీసింది. "అయితే నీకిది పనికొస్తాది. ఈడ ఎవురికీ తెలుగు చదివేది రాదు, ఎవురికని ఇచ్చేది. చదువుతావు కదా?"

"చదువుతా అక్కా" అన్నాను.

పచ్చి అబద్ధం. మా ఇంట్లో పొద్దున లేచినప్పటినుంచి తెలుగే, కానీ నేను చదివింది తమిళ బడి. తెలుగు అక్షరాలు నాకు తిరుపతి బస్సు బోర్డు మీద తెలుసు, అంతే. రాదని చెబితే ఆమె ముఖంలో ఆ వెలుగు పోతుందేమోనని జంకి అనేశాను. మా వైపు ఇట్లాంటి అబద్ధం ఆడని పిల్ల లేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు.

ఆ నోటుబుక్కు నిండా బొమ్మలు. ఇంజినీర్లు గీసే సర్క్యూట్ బొమ్మల్లో ఒక్కో వస్తువుకు ఒక్కో గుర్తు ఉంటుంది. అక్క ఆ గుర్తులన్నీ గీసుకుని, పక్కన తెలుగులో తన మాటలు రాసుకుంది. నేను బొమ్మలు చూసేదాన్ని, పక్కనున్న రాతను ఆమె నోటినుంచి వినేదాన్ని. తిరువాలంగాడు దాటినాక రైల్లో కాస్త చోటు దొరికేది. అప్పుడు మొదలుపెట్టేది.

"ఇదిగో, గీత కింద బంతి వేలాడతా ఉండాదే, ఇది నీళ్లకు. తొట్టి నిండితే బంతి లేస్తాది. ఇది బుగ్గ, గాలి ఒత్తిడికి. ఇదేంది చెప్పు?"

గీతకు కింద మెట్లలాగా వంకర తిరిగిన చిన్న గీత.

"మెలిక" అనేదాన్ని.

"మెలిక. వేడికి పనిచేసే స్విచ్చి. వేడెక్కితే ఆ మెలిక ఏం జేస్తాది? పైకి నెడతాది. అంతే గుర్తు పెట్టుకో, ఇంకేమీ వద్దు. కింద వేలాడతా ఉండే గీతను పైకి నెడితే పోయి తగులుకుంటాది, కరెంటు పారతాది. అంటే వేడికి మూసుకునేది. పైన ఆనుకొని ఉండే గీతను నెడితే? లేచిపోతాది, కరెంటు ఆగిపోతాది. వేడికి తెరుచుకునేది. చూసేదానికి రెండూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి. తెరుచుకునేది హీటర్‌ను ఆపుతాది, మూసుకునేది ఫ్యాన్‌ను తిప్పుతాది. తారుమారు చేసినామంటే కొంప కాలిపోతాది."

తర్వాత, ప్రతిసారీ, ఒక వేలు ఎత్తి, "బొమ్మ చల్లగా ఉన్నప్పటిది, మరిచిపోబాక" అనేది. అంటే, బొమ్మలో స్విచ్చి ఎలా కనబడితే, మిషన్ ఆగి చల్లగా ఉన్నప్పుడు అది అలా ఉంటుందని. కాగినప్పుడు ఎలా మారుతుందో మనం మనసులో చూసుకోవాలి. ఈ మాట ఆమె ఊతపదం. సూపర్‌వైజర్ అన్న ఎగిరెగిరి పడుతుంటే, "ఆయన ఇప్పుడు కాగి ఉండాడు పాపా, ఆయన బొమ్మ ఇది గాదు" అని నా చెవిలో అనేది. సూపర్‌వైజర్ అన్న పొదటూరుపేట మనిషి, మాతో తెలుగులోనే అరుస్తాడు. ఆయనకూ తెలుగు చదవడం రాదు.

వారానికొకసారి అడిగేది, "నోటుబుక్కు చదివినావా?" అని. "చదివినా అక్కా" అనేదాన్ని.

నేర్పు అని రాశాడే ఆ ఇంజినీరు, ఆమె నేర్పుకు ఆనాడు దక్కిన మర్యాద ఏమిటో చెబుతాను. కస్టమర్ తరఫున ఒక ఆడిటర్ వచ్చి, మేమందరం గుర్తులు గుర్తుపడతామో లేదో పరీక్ష పెట్టాడు. అట్ట ముక్కల మీద ఒక్కో గుర్తు. మెలిక ఉన్న అట్ట అక్కకు వచ్చింది. "ఇది వేడికి తెరుచుకునేది సార్. దీన్ని హీటర్‌కు పెడతారు. చల్లారినాక మళ్లీ మూసుకుంటాది" అని తమిళంలో శుభ్రంగా చెప్పింది. ఆడిటర్ పేరు అడిగాడు. ఇంగ్లీషు పేరు. ఆమె, "పేరు ఏదైనా పెట్టుకోండి సార్, పని ఇది" అంది. మా ఇంజినీరు పకపకా నవ్వాడు. ఆడిటర్ కాగితం మీద ఆమె పేరు ఎదురుగా, గుర్తుపట్టలేదు అని రాశాడు. పక్కనే కొత్తగా డిప్లొమా చేసి వచ్చినతను పేరును గడగడా ఒప్పజెప్పాడు, అతనికి టిక్కు పడింది. అది వేడెక్కితే ఏమవుతుందని ఆ తర్వాత అక్క అతన్ని అడిగితే నీళ్లు నమిలాడు. ఎవరు గుర్తుపట్టినట్టు, ఎవరు పట్టనట్టు? ఇప్పటికీ నాకు ఆ కాగితం తలుచుకుంటే చించి పారేయాలనిపిస్తుంది.

ఆమెకు రెండు పద్ధతులుండేవి. వాటిని చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఒకటి, ఒకరు బిగించిన వైరు ఇంకొకరు విప్పకూడదు. తప్పు కనబడితే బిగించినవాళ్లను పిలిచి చూపించాలి, వాళ్లే విప్పి వాళ్లే మార్చాలి. "నువ్వు చేసిన ముడి నేను విప్పితే, నీ తప్పు నీకు తెలీదు, నా చేతి గొప్ప నాకు తెలుస్తాది. రెండూ మంచివి గాదు" అనేది.

రెండోది చీటీ. ప్యానెల్ పూర్తయి పరీక్ష అయినాక, అక్క అరచేతంత కాగితం మీద తెలుగులో రెండు వరుసలు రాసి, తలుపు లోపల టేపుతో అంటించేది. ఆ పొద్దున ప్రార్థనలో చదివిన దేవుని మాట అన్నమాట. ఆ మిషన్ దగ్గర పనిచేసేవాళ్లకు ఏమీ కాకూడదని. ఏళ్లు గడిచేసరికి షాపులో అదొక ముద్ర అయిపోయింది. "అక్క చీటీ పడిందా? పడితే లారీ ఎక్కించు" అనేవాడు సూపర్‌వైజర్ అన్న. చీటీ ఉందంటే అక్క చూసి సరే అన్నట్టు. అందులో ఏం రాసి ఉందో మాత్రం ఒక్కరూ చదివి ఎరగరు.

ఇక ఆ ప్యానెల్. పొదటూరుపేటలో రంగు వేసిన నూలును వేడి గదిలో ఆరబెట్టే యూనిట్ ఒకటి ఉంది. వాళ్లకు పాత ప్యానెల్ చేసింది అక్కే. రెండో గది కట్టుకుని, అలాంటిదే ఇంకొకటి కావాలన్నారు. పాత బొమ్మ ఎక్కడో పోయింది. మా ఇంజినీరు అక్కడికి పోయి, నడుస్తున్న గది పక్కన నిలబడి, మీటర్ పెట్టి చూసి కొత్త బొమ్మ గీసుకొచ్చాడు. గది కాగి ఉంది. కాగితే వేడి గాలిని బయటికి లాగే ఫ్యాన్ తిరగాలి, కనుక ఫ్యాన్ మెలిక అప్పటికి మూసుకుని ఉంది. ఆయన చూసింది చూసినట్టు గీసేశాడు, మూసుకున్నట్టే. కాగినప్పుడు చూసిన సంగతి బొమ్మలో రాయలేదు. ఆ బొమ్మ ప్రకారం బిగిస్తే ఫ్యాన్ చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, కాగినాక ఆగిపోతుంది.

ఇంతా జరిగి బొమ్మ అక్క చేతికి వచ్చింది. ఆమె దాన్ని చూసి, ఆయన గదిలోకి పోయి, తలుపు వేసుకుని చెప్పింది. నలుగురిలో చెబితే ఆయనకు చిన్నతనమని. ఆ మర్యాదే ఆమె మెడకు చుట్టుకుంది. బయటికి వచ్చిన గంటలో ఆమెను రాణిపేటలో సైటు పనికి వ్యాన్ ఎక్కించారు. బొమ్మ నా చేతికి వచ్చింది. నాకు ఆ మాటలేవీ తెలియవు. బొమ్మలో ఆనుకుని ఉంది, నేను ఆనించాను. నాలుగు రోజుల్లో ప్యానెల్ పూర్తి చేసి, నా అంతటి మొనగత్తె లేదనుకుంటూ రైలెక్కాను.

ఆ సాయంత్రం మేమంతా వెళ్లిపోయాక అక్క రాణిపేట నుంచి తిరిగొచ్చింది. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. మర్నాడు ఆమెకు సెలవు, వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త దగ్గర.

పొద్దున నేను ప్యానెల్ తలుపు తెరిస్తే చీటీ అంటించి ఉంది. అక్క చూసింది, సరే అంది అని గంతేశాను. ఆ చీటీ పైనుంచి కిందిదాకా నిండా రాసి ఉంది. ఇవాళ దేవుని మాట పొడుగ్గా ఉందే అనుకున్నాను. "అన్నా, చీటీ పడింది" అని కేకేశాను. మధ్యాహ్నానికి ప్యానెల్ లారీ ఎక్కింది.

పొదటూరుపేటలో స్విచ్ వేయగానే ఫ్యాన్ తిరిగిందట. అందరూ సంతోషపడ్డారట. గది కాగాక ఫ్యాన్ ఆగింది. హీటర్ పక్క నూలు అంటుకుంది. తలుపు లాగిన మనిషికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఇద్దరు బిడ్డల తల్లి ఆమె.

విచారణ ఓనర్ గదిలో జరిగింది. ఓనర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. విచారించింది ఎవరో తెలుసా? బొమ్మ గీసిన ఇంజినీరే! మసి పట్టిన చీటీని ప్లాస్టిక్ కవర్లో వేసి, బల్ల మీద పెట్టి, "ఇదు యారోడ చీట్టు?" అన్నాడు, ఈ చీటీ ఎవరిదని.

"నాదే సార్" అంది అక్క.

"చీటీ నీది. అంటే నువ్వు చూసి సరే అన్నావు. బొమ్మలో చిన్న పొరపాటు ఉండొచ్చు, మనుషులం. అందుకే కదా చూసేదానికి నిన్ను పెట్టింది!"

"మీ రూములోకి వచ్చి చెప్పినా కదా సార్, ఇది కాగినప్పటి బొమ్మ అని."

"ఎప్పుడు? నాకేమీ చెప్పలేదు" అన్నాడు ఆ మనిషి. కంటి రెప్ప కూడా కొట్టుకోలేదు.

అక్క ఆయన ముఖంలోకి చూసింది. ఆమెకు కోపం రావడం నేను అప్పుడే చూశాను. గొంతు పెంచలేదు. "చీటీ చదవండి సార్. అంతా అందులోనే రాసి ఉండాది" అంది.

"నీ ప్రార్థన మాకెందుకు?"

"ప్రార్థన గాదు. నేను చదవనా?"

"రాసింది నువ్వు, చదివేది నువ్వా? నీకు తోచింది చదువుతావు."

అప్పుడు అక్క నా వైపు తిరిగింది. ఆ గదిలో తెలుగు మాట్లాడేవాళ్లం ముగ్గురం ఉన్నాం, ఆమె, నేను, సూపర్‌వైజర్ అన్న. ఆమె ముఖంలో అదే వెలుగు, మొదటి రోజు నోటుబుక్కు ఇచ్చినప్పటిది. "ఈ పాపకు తెలుగు వచ్చు సార్. పాపా, చదువు."

కవర్ నా చేతికి వచ్చింది. అక్షరాలు గుండ్రంగా, చక్కగా, ఒక్కటీ చెరిగిపోకుండా కనబడుతున్నాయి. మసి అంచుల్లోనే ఉంది. నాకు ఒక్కటీ తెలియలేదు. నాకు చదవడం రాదక్కా అని ఒక్క మాట అంటే అయిపోయేది. చదవగలిగేవాళ్లను పిలుస్తారు. ఆంధ్రలోకి, నగరి బస్సెక్కితే రెండు గంటల్లోపు ఏ టీ కొట్టులో అడిగినా చదివి పెట్టేవాళ్లు. కానీ రెండేళ్లుగా చదివినా చదివినా అన్న నోరది. ప్యానెల్ బిగించిన చేతులు కూడా నావే. 

"మసి పట్టింది సార్. తెలియడం లేదు" అన్నాను.

అక్క అలవాటు ప్రకారం చేతి వెనకవైపు ఆ బల్లకు ఒక క్షణం ఆనించి, తీసేసింది. "సరి పాపా" అంది. అంతే. ఆ సాయంత్రానికి ఆమె లెక్క తేల్చి పంపేశారు. అంతకు ముందే సూపర్‌వైజర్ అన్న చీటీ ఫోటో తీసి, ఇకమీదట ప్యానెళ్లలో చీటీలు అంటించరాదని రాసి గ్రూపులో పెట్టాడు. ఆమె చీటీని ఆమె నేరానికి సాక్ష్యంగా అందరికీ చూపించారు. చదవకుండానే!

తర్వాత ఆమె తిరుత్తణిలో ఒక కళ్యాణమండపంలో పాత్రలు కడగడానికి చేరిందని విన్నాను. వెంట్రుకంత వైరును కూడా నలగకుండా బిగించే చేతులు సాంబారు అండాలు తోమాయి. తిరువళ్లూరులో, దాని చుట్టుపక్కల ఎన్ని షాపులుంటే అన్నింటికీ మా వాళ్లు ఫోన్లు చేశారు. ఆ మనిషిని పెట్టుకోకండి, పొదటూరుపేట కాల్చింది ఆమేనని.

ఒకే ఒక్కసారి కనబడింది. నాకు పెళ్లయి నగరి పోయిన ఏడు, తిరుత్తణి స్టేషన్‌లో. నేను స్తంభం చాటుకు తప్పుకోబోయాను. ఆమే చూసి పిలిచింది, "ఏమ్మే, పాపా!" అని. కొప్పులో టెస్టర్ అలాగే ఉంది. మండపంలో మైకు వైర్లు తనే చూస్తానని చెప్పి నవ్వింది. 

"నోటుబుక్కు ఉండాదా?"

"ఉంది అక్కా."

"చదువుతా ఉండావా?"

"చదువుతా ఉండా అక్కా."

మూడోసారి, నాలుగోసారి, ఎన్నోసారో! అన్నీ జరిగాక కూడా అదే అబద్ధం. ఆమె తల ఊపింది. "ఆ పొద్దు భయపడినావులే. చిన్నపిల్లవి. నేనే నిన్ను పిలవకుండా ఉండాల్సింది" అంది. నేను చదివి కూడా చెప్పలేదని ఆమె నమ్మింది. నమ్మి, నన్ను క్షమించింది. రైలు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటికి పోయి మా అత్త ముందు కూర్చున్నాను. ఆమె నగరిలో తెలుగు బడిలో చదివిన మనిషి. అ ఆ నుంచి మొదలుపెట్టాను. అక్క నోటుబుక్కే నాకు వాచకం. బంతి, బుగ్గ, మెలిక, అన్నీ బొమ్మల పక్కన ఆమె చేతిరాతలో ఉన్నాయి. ఇప్పుడు నేను నగరిలో మరమగ్గాల మోటార్లకు స్టార్టర్లు బాగుచేస్తాను, తెలుగులో బిల్లు రాస్తాను, ఇదిగో ఇదంతా రాస్తున్నాను. కానీ గ్రూపులో ఆ ఫోటో మాత్రం ఇన్నేళ్లూ తెరవలేదు. అందులో ఏముంటుందో నాకు తెలుసనుకున్నాను. తెలిసిందాన్ని చూసే ధైర్యం లేకపోయింది.

మొన్న అక్కను చూడటానికి తిరుత్తణి పోయాను. మండపంలో పాత్రలు కడిగే ఆడవాళ్లంతా వచ్చారు. షాపునుంచి ఒక్క పురుగు రాలేదు. అక్క తలను నున్నగా దువ్వి పెట్టారు. కొప్పులో టెస్టర్ లేదు. ఆమెను అలా నేనెన్నడూ చూడలేదు. ఎవరినో అడిగి తెప్పించి నేనే గుచ్చాను. 

ఇంటికి వచ్చి, ఆ జోడించిన చేతులన్నీ దాటుకుని, పైపైకి పోయి, ఫోటో తెరిచాను. గడగడా చదివేశాను. ఇంత సులువా! నాలుగో తరగతి పిల్ల చదివే రాత. తర్వాత మైకు గుర్తు నొక్కి పట్టుకుని, గ్రూపులో అందరికీ వినబడేలా చదివాను.

"ఫ్యాన్ మెలిక కాగినప్పుడు చూసి గీసినాడు. సారుకు చెప్పినా, వినలేదు. చల్లగా ఉన్నప్పుడు అది తెరుచుకొని ఉండాల. నీ వైరు నేను విప్పలేదు. పొద్దున నువ్వే మార్చు. మార్చకుండా లారీ ఎక్కించబాక, మనుషులు కాలిపోతారు. నువ్వు చదువుతావని రాస్తా ఉండా."

తమిళంలో కూడా చెప్పాను. ఆ ప్యానెల్ బిగించింది నేనని, చీటీలో ఉన్నది ప్రార్థన కాదని, అక్క మాటే నిజమని. ఇంజినీరు పేరు పెట్టి చెప్పాను.

 కాసేపటికి సూపర్‌వైజర్ అన్న ఫోన్ చేశాడు. "ఏంది పాపా ఇది? పోయిన మనిషి పోయె. ఇన్నేండ్ల తరవాత ఎందుకు? తీసేయి దాన్ని."

"తీయను" అన్నాను. ఎనిమిదేళ్ల కోపమంతా ఆయన మీద వెళ్లగక్కాను. "మీరంతా మనుషులేనా అన్నా? ఒక్క కాగితం చదివించలేకపోయినారా? నగరికి ఎంత దూరం? ఒక మనిషి బతుకు పోతా ఉంటే, అందులో ఏముందో చూద్దామని ఒక్కరికి అనిపించలేదా?"

ఆయన అంతా విన్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి, మెల్లగా అన్నాడు. "చదివించినాం కదా పాపా. నీ చేతికే కదా ఇచ్చింది. నువ్వేమంటివి?"

 ఆయనే ఫోన్ పెట్టేశాడు.

చీటీలో అన్నిటికన్నా పైన ఇంకో వరుస ఉంది. గ్రూపులో అది చదవలేదు. అది వాళ్లకు రాసింది కాదు.

"పాపా, నీ పని శుభ్రంగా ఉండాది. తప్పు బొమ్మది."